కార్ఖానా కప్పు మీద గరాటు

కాగిన రేకుల మీద తొలివాన పడగానే ఒక వాసన లేస్తుంది. మగ్గాల నూనె వాసనతో కలిసి అది నన్ను ఇప్పటికీ సులోచన అక్క దగ్గరికి తీసుకుపోతుంది. భివండి నార్పోలిలో మా పక్కింటి మనిషి, కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. తొంభైల చివర్లో తన పరిశోధన కోసం, వానతోనూ దుమ్ముతోనూ గాలిలోంచి నేలకు దిగే నత్రజని ఎంతో కొలుస్తుండేది. కామత్‌ఘర్‌లో మా మరమగ్గాల కార్ఖానా కప్పు మీద గరాటు పెట్టి, దాని కింద సీసా బిగించింది.

"ముట్టకు తమ్మీ. మీదికెల్లి ఏం పడ్తే అది పడనీ" అంది.

మగ్గాల నుంచి ఎగిరే దూది గరాటులో చేరేది. మాకు తాగే నీళ్లంటే కుళాయికి గుడ్డ కట్టి పట్టుకోవడమే అలవాటు. నేను మగ్గం మీది గుడ్డ ముక్క ఉతికి గరాటుకు కట్టాను. మురికి పడితే ఉతికి మళ్లీ కట్టేవాణ్ణి. అక్క వచ్చే రోజు విప్పేసేవాణ్ణి, శుభ్రంగా చూసుకున్నానని మెచ్చుకోవాలని.

వానలు తగ్గాక నవ్వుతూ వచ్చింది. "వరాలా తలావ్ చెరువు కాడ గూడ నత్రజని గింత తక్కువ లేదు. నీ మగ్గాలు పొగ మింగుతున్నయా ఏందిరా?" నేనూ నవ్వాను. గుడ్డ సంగతి దాచాను. ఆ లెక్కలు నమ్మితే కామత్‌ఘర్ గాలికి ఏ దోషమూ లేదని ఆమె పేరు మీద అబద్ధం నిలిచిపోతుంది. తన గైడుకు అవి ఇవ్వడానికి బయలుదేరిన పొద్దున, గుడ్డ పట్టుకుని ఎదురువెళ్లాను.

తిట్టలేదు. నన్ను కాలేజీ ల్యాబుకు తీసుకుపోయింది. అదే తానులోని కొత్త ముక్కను స్వచ్ఛమైన నీటిలో జాడించి మందు చుక్కలు వేసింది. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. తర్వాత నా గుడ్డను జాడించింది. చుక్క పడగానే పసుపు, చూస్తుండగానే ముదురు పసుపు.

"బర్ల తబేలాలకెల్లి, మోరీలకెల్లి లేచిన అమ్మోనియా ఇది, నీ గుడ్డల ఆగిన నత్రజని. పొగలది వేరేగ చూడాలె. చేనుకైతే ఎరువే. చెరువుల ఎక్కువైతే నాచు కమ్మి చేపలకు ఊపిరాడది."

"మరి నీ కష్టం?"

"ఈ కప్పుది పాయె. మళ్ల వానలు రావాలె."

ఆమె పట్టా నా వల్ల ఏడాది వెనకబడింది. మళ్లీ వానలకు గరాటు పట్టుకుని మా నిచ్చెనే ఎక్కుతుంటే, "వేరే కప్పు చూసుకోరాదా అక్కా?" అన్నాను సిగ్గుతో.

"గుడ్డ కడితే ఏమైతదో భివండిల నీకు తప్ప ఎవనికి ఎరుక?" అంది.

ఆ వానాకాలమంతా గరాటులో దూది పడింది, మసి పడింది. చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ నిలబడ్డాను. తేటగా కనిపించే నీటి ముందు, అందులో కంటికి ఆననిది ఏముందోనని, ఈరోజుకీ అలాగే నిలబడతాను.