పైడమ్మ పిన్ని తెల్లకోళ్లు, మా ఎర్ర పుంజు

రాయగడ సంతలో కోడిపిల్లల గంప మూత తీస్తే, తవుడూ వెచ్చటి ఈకలూ కలిసిన వాసన ముఖానికి తగులుతుంది. మొన్న అది తగలగానే మా పక్కింటి పైడమ్మ పిన్ని గుర్తొచ్చి, సంత మధ్యలో నిలబడి నవ్వుకున్నాను. ఆమె నాకు చుట్టమేమీ కాదు. కొత్తగా కాపురానికొచ్చిన నాకు వంటా పోట్లాటా రెండూ నేర్పిన మనిషి.

ఆ రోజుల్లో చుట్టుపక్కల కొండల్లోని దేశియా గిరిజనులు పూజకు తెల్ల పుంజు కోసం సంతంతా గాలించేవారు. ఒక్క ఎర్ర ఈక కనిపించినా ముట్టేవారు కాదు. అందుకని పిన్ని తన తెల్ల నాటుపెట్టకు పశువుల ఆసుపత్రి నుంచి విదేశీ జాతి తెల్ల సీమపుంజును తెచ్చి జతకట్టింది. ఈకలొచ్చేసరికి పిల్లలన్నీ మల్లెపూలే. పిన్ని నడకే మారిపోయింది. మరుసటేడు ఆ పిల్లలు పెద్దవై పిల్లల్ని చేస్తే, తెల్లవాటి మధ్య ఎర్రవి తేలాయి.

నాతోపాటు పుట్టింటి నుంచి వచ్చిన ఎర్ర పుంజు ఒకటి మా పెరట్లో ఉండేది. ఆ ఊళ్లో నావాళ్లంటూ నాకు అదొక్కటే. పిన్ని నేరుగా దాని మీదికే వచ్చింది.

"ఏటమ్మీ, నీ పుంజు సేసిన పని సూసేవా? గోడ దూకి నా జాతిని సెడగొట్టీసింది! ఆదివారం దీన్ని కోసీయాల!"

"దాని బరువుకి అది గోడెక్కలేదు పిన్నీ," అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. మా ఆయన, పెద్దావిడ మాట కాదనకూడదంటూనే, ఇంట్లో అల్లం ఉందా అని నన్ను అడిగారు. నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. నా కళ్లు చూసి పిన్నే కొంచెం తగ్గింది.

"సరే, నాను సూడకుండా సంపను. తడిక కట్టి సూస్తాను," అంది.

ఆ మొదటి తెల్లపిల్లల్లోంచి పెరిగిన ఒక జంటను తడికలో మూసింది. అంతకుముందు బయట కలిసిన పుంజు గుడ్లేవీ మిగలకుండా కొన్నాళ్లపాటు పెట్టిన గుడ్లన్నీ అట్టేసుకుని తిని, ఆ తర్వాతి గుడ్లనే పొదిగించింది. అన్నాళ్లూ నా పుంజు బతుకు ఆ గుడ్లలోనే ఉంది. నాకు అన్నం సయించేది కాదు.

ఒక పొద్దున్న వీధిలో కేక వినిపించి బయటికి పరుగెత్తాను. పిన్ని అరచేతిలో, రెక్కల మీద ఎర్ర ఈకలు మొలుస్తున్న పిల్ల.

"అందరూ ఇనండి! ఈ అమ్మి పుంజు ఏ పాపమూ ఎరగదు. తప్పు నాది!"

పశువుల ఆసుపత్రి కంపౌండరును అడిగొచ్చి, తర్వాత నాకూ చెప్పింది. "సీమపుంజు లోపలి రంగు మీద సున్నం కొట్టుకుందంట. నాటుపెట్ట లోపల రంగు దీపాన్నే ఆర్పుకుందంట. మనవల్లో ఒకదానికి సున్నమూ రాలి, దీపమూ ఎలిగితే ఎరుపే మరి!" అంటూ మా పుంజు ముందు గుప్పెడు నూకలు పోసి, "ఏటీ అనుకోకు నాయినా," అంది. అది నూకలు తిని ఆమె చేతిని పొడిచింది. మా ఆయన ఒక్కరే దిగులుగా కనిపించారు.

ఆ పిల్లను పిన్ని కొంగులో దాచేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. తిట్టింది వీధిలో కాబట్టి, వీధిలోనే చెప్పింది. నాకూ కోపం ఎక్కువే, తొందర ఇంకా ఎక్కువ. అందుకే మా వీధిలో ఇప్పటికీ నా గొంతు రెండేసి సార్లు వినిపిస్తుంది: ఒకసారి తిట్టడానికి, ఒకసారి తప్పు నాదని చెప్పడానికి. రెండోసారి నాలోంచి అరిచేది పైడమ్మ పిన్నే.