గడువు చెప్పలేని మందు

ఇనుప ఖనిజపు లారీలు బళ్లారి దారులను ఎర్రగా కప్పేస్తున్న ఆ సంవత్సరాల్లో నేను ఖనిజ పరీక్షశాలలో పనిచేసేవాడిని. ఒకే నమూనాను మూడుమార్లు పరీక్షించి, మూడు ఫలితాలూ సరిపోలితేనే సంతకం పెట్టేవాడిని. అందువల్ల మా ఇంట్లోనూ నా నోట వచ్చిన అంకెకు విలువ ఉండేది. చివరకు ఆ విలువే నాకు భారమైంది.

తెక్కలకోటలో మా చెల్లెలి కూతురికి చిన్నవయసులోనే చూపు నడిమి భాగం మసకబారసాగింది. ఎదుటివారి చెవులు కనిపించేవి, ముఖం కనిపించేది కాదు. ఊరంతా ఎర్రధూళినే తప్పుపట్టింది. చెల్లెలు చాలాకాలం ఆముదపు చుక్కలు వేసింది. రెటీనాలోని ఒక జన్యువు లోపమని కంటివైద్యులు తేల్చారు. మా క్రైస్తవ సంఘంలోనూ మేనరికాలు మామూలే. చెల్లెలి పెళ్ళీ అటువంటిదే; ఆ లోపం బిడ్డకు అటూ ఇటూ నుంచి వచ్చింది.

వేళ్ళతో తడిమి చదివే బ్రెయిలీ నేర్చుకోవడానికి మేనకోడలికి బెంగళూరులో సీటు దొరికింది. ఆ నెలాఖరులోగా చేరాలి. చెల్లెలు పంపనంది. మందు రాబోతోందని పేపర్లో చదివింది; ఆ లిపి నేర్పించడమంటే బిడ్డను గుడ్డిదని ఒప్పుకోవడమేనని ఆమె పట్టు. మందు ఎన్నేళ్ళకు వస్తుందో కనుక్కొని రమ్మని నన్ను పంపింది.

ఆ మందు మీద పనిచేస్తున్న బెంగళూరు ప్రయోగశాలలో ఒక డాక్టరమ్మ ఓపికగా వివరించింది. ఆ జన్యువు పెద్దది. మామూలుగా జన్యువును మోసే వైరస్‌లో పట్టదు. కొవ్వుతో చేసిన నానో రేణువుల్లో చుట్టి కంటిలోకి పంపాలని వారి ప్రయత్నం. ఎలుకల్లో కొంత ఫలించింది. పెద్ద కంటిలో మాత్రం చాలా రేణువులు లోపలి జెల్లీలోనే చిక్కుకుంటాయి. రెటీనా దాకా వెళ్ళినవాటిని కణాలు మింగి అరిగించేసుకుంటాయి. జన్యువు చేరినా దాని పని కొన్నాళ్ళకే సన్నగిల్లుతుంది. మోతాదు పెంచితే కన్ను వాస్తుంది. పైగా ఒక్కో విడతలో రేణువుల పరిమాణం ఒక్కో తీరుగా వస్తోంది. ఆ ఒక్క మాట మాత్రం నాకు విడమరచి చెప్పనవసరం లేకపోయింది.

ఎన్నేళ్ళని మళ్ళీ మళ్ళీ అడిగాను. ఏం చెప్పినా అది తన ఊహే అవుతుందని ఆమె అంది.

తెక్కలకోటలో బస్సు దిగేసరికి నడుము పట్టేసింది. చెల్లెలు మంచినీళ్ళు ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఐదేండ్లో పదేండ్లో ఒక్క మాట చెప్పన్నా. కాసుకొని ఉంటాం."

ఏదో ఒకటి అనేస్తే ఆ పూట గడిచిపోయేది. చెప్పడానికి అంకె లేదని చెప్పాను.

"లారీ మన్నుకైతే పాయింటు తర్వాత గూడా లెక్క చెప్తావు. నా బిడ్డకైతే నోరు రాదు."

గడప దగ్గరున్న కోడలు లేచింది. "మామ చెప్పలేదంటే ల్యాదనే. నా బ్యాగు యాడ పెట్టినావమ్మా? నేను పోతాండా."

"మందు వస్తేనో?"

"వస్తే ఆడనే ఏయించుకుంటాలే. బెంగళూరులో ఆసుపత్రులు లేవా ఏంది?"

నేను ఇది రాస్తున్న నాటికీ ఆ మందు ఆమెదాకా రాలేదు. ఆ మాటలైన మరునాటి ఉదయం బళ్లారి బస్సుకు ముగ్గురం నడిచాం. బ్యాగు చెల్లెలే మోసింది. నేను చేయి చాపినా ఇవ్వలేదు.