మాస్టారు నేర్పిన చైనీస్

ఎనభైల్లో నేను రాజమండ్రిలో ఆడపిల్లల కాలేజీలో హిస్టరీ లెక్చరర్‌ని. ధవళేశ్వరం నుంచి రోజూ బస్సులో వచ్చి వెళ్ళేదాన్ని. పూర్వం చైనా నుంచి మన దేశానికి వచ్చిన యాత్రికులు రాసుకున్న సంగతులు ఇంగ్లీషు అనువాదాల్లో చదివి చదివి, వాళ్ళ భాషలోనే చదవాలన్న పిచ్చి పట్టుకుంది. మద్రాసు నుంచి ఒక పుస్తకం తెప్పించుకున్నాను. అందులోని అక్షరాలు ఎలా పలకాలో చెప్పే మనిషి కావాలి. మెయిన్ రోడ్డులో ఒక చైనా ఆయన చెప్పుల షాపు ఉండేది. ధైర్యం చేసి వెళ్ళి ఆయన్నే అడిగాను.

"మీరు మాట్లాడేది చైనా భాషేనాండి? పెకింగులో మాట్లాడేదేనా?"

ఆయన తోలు కోస్తున్న కత్తి పక్కన పెట్టారు.

"అదేనండి. అంతా ఒకటే భాషండి" అన్నారు.

అప్పటికే ఆయనకి అరవై దాటాయి. కలకత్తాలో పుట్టి, పెళ్ళయ్యాక భార్యతో ఇక్కడికొచ్చి షాపు పెట్టుకున్నారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. పిల్లల్లేరు. తెలుగు మనలాగే మాట్లాడేవారు. కాలేజీ అయ్యాక సాయంత్రాలు ఆయన షాపులోనే నా చదువు. ఆయన్ని మాస్టారూ అని పిలిచేదాన్ని. జీతం ఇస్తానంటే చేతులు జోడించి వద్దన్నారు. ఇంట్లో పనసపొట్టు కూర చేసినప్పుడల్లా అమ్మ ఆయనకో గిన్నె కట్టి ఇచ్చేది.

చైనా భాషలో 'నేను' అనడానికి 'ఙై' అనాలని మాస్టారు చెప్పారు. ఎక్కాలు చదివినట్టు బస్సులో కూడా వల్లె వేసుకునేదాన్ని. నాలుగేళ్ళు గడిచేసరికి ఆయనా నేనూ పొద్దుగూకేదాకా కబుర్లు చెప్పుకునే స్థాయికి వచ్చాం. నేను తప్పు మాట్లాడితే పగలబడి నవ్వేవారు. సరిగ్గా మాట్లాడితే ఆ మాట మళ్ళీ అనమనేవారు.

ఒక్కసారి మాత్రం అనుమానం వచ్చింది. ఇంట్లో రేడియో తిప్పుతుంటే షార్ట్ వేవ్‌లో పెకింగ్ స్టేషన్ తగిలింది. గంట విన్నా ఒక్క ముక్క అర్థం కాలేదు. మర్నాడు మాస్టారిని అడిగాను.

"అది రేడియో భాషండి. మీ తెలుగులో గ్రాంథికం లేదాండి? అలాంటిదన్నమాట. ఇళ్ళల్లో మాట్లాడుకునేది ఇదేనండి."

ఎంత బాగా చెప్పారో! తెలుగువాళ్ళకి అంతకన్నా నమ్మకం కలిగించే మాట ఇంకోటి ఉండదు. నేను నమ్మాను.

తర్వాత ఢిల్లీలో ఒక పరీక్ష పెట్టారు. నెగ్గినవాళ్ళు ఒక సెమిస్టర్ పెకింగులో ఉండి భాష మెరుగుపరుచుకోవచ్చు. అక్కడ రాణిస్తే ఇంకో రెండేళ్ళు పరిశోధన చేసుకోనిస్తారు. పరీక్ష అంతా రాతలోనే. చైనా భాష ఎవరు ఎలా పలికినా అక్షరాలు మాత్రం అవే. నేను నెగ్గాను. ఆ కబురు చెబితే మాస్టారి ముఖం పాలిపోయింది.

"అక్కడ చలండి. మీరు తట్టుకోలేరు. ఇక్కడే చదువుకోండి" అన్నారు.

నామీద బెంగ అనుకున్నాను. బయల్దేరేలోగా నిజం చెప్పడానికి ఆయనకి ఎన్నో సాయంత్రాలు దొరికాయి. ఒక్కరోజూ చెప్పలేదు.

పెకింగులో మొదటిరోజే ఎవరిని ఏ క్లాసులో వెయ్యాలో చూశారు. ఒక పంతులమ్మ పుస్తకం ఇచ్చి చదవమంది. గడగడా చదివాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి నావంక చూసింది. తన వెనకున్న ఇద్దరు కుర్రమాస్టర్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"పుస్తకంలో ఉన్నది చైనీసే. నువ్వు చదివింది ఏమిటో నాకు తెలియదు" అంది ఇంగ్లీషులో.

నా ఉచ్చారణ బాగాలేదేమో అనుకుని ఇంకోసారి చదివాను. ఈసారి వాళ్ళు నవ్వు ఆపుకోలేదు. నన్ను 'అ ఆ'లు దిద్దే క్లాసులో కూర్చోబెట్టారు.

అసలు సంగతి రెండు వారాల తర్వాత హాస్టల్ భోజనశాలలో తెలిసింది. వడ్డించే ఆవిడకి గిన్నె చాపి, అలవాటు కొద్దీ మాస్టారి భాషలో "ఇంకొంచెం అన్నం" అన్నాను. ఆవిడ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నీకు మా ఊరి మాట ఎలా వచ్చిందే పిల్లా?"

ఆ దేశంలో నాకు పూర్తిగా అర్థమైన మొదటి మాట అది. ఆవిడది ఎక్కడో దక్షిణాన కొండల్లో ఊరు. మాస్టారు నాకు నేర్పింది హక్కా అనే వేరే భాష. ఆవిడ ఊరివాళ్ళు మాట్లాడుకునేది. పెకింగు వాళ్ళకి అది ఎంత అర్థమవుతుందో, రాజమండ్రిలో తమిళం అంతే అర్థమవుతుంది. ఆవిడ సంతోషంగా నా చెయ్యి పట్టుకుని ఏవేవో అడుగుతోంది. నాకేమో నాలుగేళ్ళ సాయంత్రాలు కళ్ళముందు తిరిగాయి. ఆయన పొరపడలేదు. ఆయనకి తెలుసు. తెలిసే, రేడియో భాష అని కథ అల్లారు.

సెమిస్టర్ అయ్యేసరికి బజారులో కూరగాయలు బేరమాడే పాటి భాష వచ్చింది. 'నేను' అనబోతే పెకింగువాళ్ళ 'వొ'కి బదులు మాస్టారి 'ఙై' అనే వచ్చేది. రెండేళ్ళ పరిశోధన మరొకరికి వెళ్ళింది.

ఊరికొచ్చిన మర్నాడే షాపుకి వెళ్ళాను. నన్ను చూడగానే ఆయన స్టూలు మీంచి లేచి నిలబడ్డారు.

"మీకు తెలుసు కదండీ?" అన్నాను.

ఆయన తల దించుకున్నారు.

"మా ఆవిడ పోయాక నా భాష మాట్లాడే మనుషులే లేకుండా పోయారండి ఈ ఊళ్ళో. మీరొచ్చి అడిగారు. కాదంటే వెళ్ళిపోతారని..."

"ఆ మాటే చెప్పి ఉంటే నేర్చుకునేదాన్ని కదా మాస్టారూ!"

"నేర్చుకునేవారు కాదండి" అన్నారు మెల్లగా.

ఆ మాట నిజమే కావచ్చు. కానీ అది తేల్చుకోవలసింది నేను. నా తరఫున కూడా ఆయనే తేల్చేసుకుని, నా నాలుగేళ్ళూ తన ఒంటరితనానికి వాడుకున్నారు. వెనక్కి తిరిగి వచ్చేశాను. అమ్మకి జరిగింది చెబితే, "పాపం పెద్దాయన" అంది. అందరూ అదే మాట. నన్ను పాపం అన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

ఏడాది తిరక్కుండా ఆయన షాపు అమ్మేసి, కలకత్తాలో చెల్లెలి దగ్గరికి ప్రయాణమయ్యారు. వెళ్ళేముందు కాలేజీ గేటు దగ్గరికి వచ్చి, నేను బయటికి వచ్చేదాకా ఎండలో నిలబడ్డారు. నన్ను చూసి తన భాషలోనే, "వెళ్ళొస్తాను. నువ్వు బాగుండాలి" అన్నారు. తెలుగులో ఎప్పుడూ మీరు అనే మనిషి ఆ భాషలో నన్ను కూతురిని పిలిచినట్టు పిలిచేవారు.

జవాబు నా నోటిదాకా వచ్చింది, ఆయన నేర్పిన మాటల్లోనే.

"మంచిదండి. వెళ్ళిరండి" అన్నాను తెలుగులో.

ఆయన కాసేపు చూశారు, ఇంకేమైనా అంటానేమోనని. తర్వాత రిక్షా ఎక్కి స్టేషన్ వైపు వెళ్ళిపోయారు. నేను మధ్యాహ్నం క్లాసుకి లోపలికి నడిచాను.