లోపలికి తెరుచుకునే గేటు

గేటు కిర్రుమంటే చాలు, జక్రయ్య వెనక్కి గెంతుతాడు. మిరపకోతల కూలీగా ఏ మోతుబరి వాకిట నిలబడ్డా, ఇనప రెక్క విసురుగా బజార్లోకే వచ్చేది. కుడి మోకాలి మీది మచ్చ అలా పడిందే. తలపాగా విప్పి చంకలో పెట్టుకోవడం, చిన్నగా దగ్గడం, గేటు కదలగానే వెనక్కి గెంతడం: ఇదీ ఇన్నేళ్లుగా అతని వరస.

అలాంటి జక్రయ్య ఈ పొద్దున సత్తెనపల్లి బస్సులో ఒక్కచోట కుదురుగా కూర్చోలేదు. టీచరుద్యోగం చేసే కూతురు సంతోషకుమారి ఇల్లు కట్టుకుంది మరి! "మా పిల్ల ఇంటికి, గేటుతో సహా, మున్సిపాలిటీవాళ్లు పర్మిషనిచ్చారయ్యా!" అని కండక్టరుకి చెప్పాడు, పక్కవాళ్లకి చెప్పాడు, దిగేటప్పుడు డ్రైవరుకీ చెప్పాడు. వీధి మలుపు తిరగ్గానే నీలంరంగు గేటు తళతళా కనబడింది. పరుగులాంటి నడకతో వెళ్లి దాని ముందు నిలబడ్డాడు. చెయ్యి దానంతటదే తలపాగా విప్పింది. దగ్గాడు. లోపల గడియ తీసిన చప్పుడు, వెంటనే కిర్రుమని గేటు. జక్రయ్య ఒక్క గెంతు గెంతాడు.

రెక్కలు అతని వైపు రానే లేదు.

"ఆ గెంతుడేంది నాన్నా!" పకపకా నవ్వింది కూతురు. "రోడ్డు మీదికి తెరుచుకుంటే మున్సిపాలిటీవాళ్లు ఒప్పుకోరు. లోపలికే తెరుచుకోవాలని రూలు."

"రూలా? ఎంత పెద్దోళ్లకైనా?"

"ఈ ఊళ్లో ఎవరికైనా అంతే."

జక్రయ్య కళ్లు మెరిశాయి.

"అయితే మూసెయ్ తల్లీ. మళ్లీ తియ్యి!"

ఆమె మూసింది. ఈసారి అతను తలపాగా బిగించి చుట్టుకుని, ముక్కు ఇనుముకి తగిలేంత దగ్గరగా వచ్చి నిలబడ్డాడు.