లచ్చవ్వ ఎడమ చెయ్యి

పాసైన. డిగ్రీ పాసైన. మా అవ్వోళ్ల దిక్కు గాని, బాపోళ్ల దిక్కు గాని పదో తరగతి దాటినోళ్లు లేరు, నేను డిగ్రీ పాసైన. నిజామాబాద్‌ల బోధన్ బస్సెక్కి కూసున్నంక ఫోన్ల రిజల్ట్ వచ్చింది. నంబర్ తప్పు కొట్టిన్నేమో అని మళ్ల కొట్టిన, మళ్ల నా పేరే వచ్చింది. ఎడపల్లి దాటిందాక గా ఫోన్‌నే సూసుకుంట కూసున్న. పక్క సీట్ల ముసలామె నా దిక్కు సూసి, "ఏమైంది బిడ్డా, ఎవలన్న పోయిండ్రా?" అన్నది. "లేదవ్వా, పాసైన." "మరి గా మొఖమేంది?" ఆమె చీరకెళ్లి బీడీల తంబాకు వాసన వస్తుంది. గా వాసనకు లచ్చవ్వ యాదికొచ్చింది. గప్పుడొచ్చింది నాకు ఏడుపు.

లచ్చవ్వ మా పక్కింటామె. నేను పెద్దవ్వా అని పిలుస్తుంటి. బోధన్ల చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డంక మా గల్లీల శానా ఇండ్లు ఆడోళ్ల బీడీల మీదనే నడుస్తున్నయి. లచ్చవ్వకు పెనిమిటి లేడు, ఒక్కతే బిడ్డ. ఆ బిడ్డను బీడీల మీదనే పెంచి పెండ్లి చేసింది. నేను ఇంటర్ల ఉన్నప్పుడు ఓనాడు పొద్దుగాల తంబాకు చాట ముందటనే ఒరిగిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యి పడిపోయింది. మేము దవాఖానకు పోయేసరికి గల్లీ ఆడోళ్లంత మంచం సుట్టు ఏడుస్తుండ్రు. బీడీలు చేసెటామెకు కుడి చెయ్యి పోతే ఇంకేమున్నది? లచ్చవ్వ మా అవ్వను దగ్గరికి పిలిచింది. మూతి వంకరపోయింది, మాట ఒక్కొక్కటే వస్తుంది. "రేపటికి ఆకు నానబెట్టినవా?" అన్నది. బీడీలు చుట్టే తునికాకు ముందునాడే నానబెట్టాలె, లేకుంటే చుట్టంగ పలుగుతది. మా అవ్వ బిత్తరపోయింది. "ఎవలకక్కా?" "నాకే. ఎడమది మంచిగనే ఉన్నది గద." ఈమెకు మతి గిన తప్పిందా అనుకున్న నేను.

తప్పలే. ఇంటికొచ్చినంక నిజంగనే చాట ముందట కూసున్నది. సచ్చుబడ్డ చెయ్యిని ఆకు మీద బరువు లెక్క పెట్టి, ఎడమ చేత్తోని చుట్టుడు మొదలువెట్టింది. కుడి చెయ్యికి సేటు అని పేరు వెట్టింది. "సేటు గద, ఊకె కూసోని సూస్తడు. పని నౌకరు చెయ్యాలె" అని ఎడమ చెయ్యి లేపి సూపెట్టేది. మొదట మొదట ఆమె చేసినయి కార్ఖానల బీడీలు లెక్కసూసి తీసుకునే మున్షి ఏరి పక్కకు పారేసిండు. "ఇవి బీడీలా, బుడుమకాయలా?" అన్నడు. "ముట్టిచ్చి సూడు, పొగ రాకుంటే అడుగు" అన్నది లచ్చవ్వ. అక్కడున్నోళ్లంత నవ్విండ్రు. మున్షి నవ్వలే, బీడీలు గూడ తీసుకోలే.

గట్ల నవ్వులాటకు మాట్లాడుడు ఆమెకు ఊకె రాలే. ఓసారి చాయ్ ఇద్దామని పోయి తల్పు కాడ ఆగిపోయిన. గా సచ్చుబడ్డ చెయ్యిని ఒళ్లె పెట్టుకొని పసిపోరిని జోకొట్టినట్టు జోకొడుతుంది, కండ్లకెళ్లి నీళ్లు కారుతున్నయి. నన్ను సూసింది. "సేటుకు నిద్ర పడుతలేదు" అన్నది. చాయ్ ఆడనే పెట్టి వచ్చిన.

డిగ్రీ రెండో ఏడు ఎకనామిక్స్‌ల ఫెయిలైన. ఒక్కసారి కాదు, రాసిన ప్రతిసారి. పుస్తకాలు అటక మీద ఏసి, మా అవ్వ చాట పట్టుకొని లచ్చవ్వ అరుగు మీదికి పోయిన. "పెద్దవ్వా, నాగ్గూడ నేర్పు. సదువు నాతోని కాదు." తిడుతదనుకున్న. "రా, కూసో" అని పక్కకు జరిగింది. చేతుల ఆకు పెట్టి, "ఎడమ చేత్తోని చుట్టు" అన్నది.

"నాకు కుడి చెయ్యి ఉన్నది గద పెద్దవ్వా."

"ఉండనీ. నీ సేటును గూడ జరసేపు కూసోనీ."

చుట్టిన. ఆకు పలిగింది. ఇంకోటి ఇచ్చింది, తంబాకంత ఒళ్లె పడ్డది. ఎన్ని చింపిన్నో, వేళ్లు నావేనా అనిపించింది. "ఇది మనిషితోని అయ్యే పనేనా?" అని ఆకు ఇసిరికొట్టిన.

"మొదటి దినం కాదు."

"మరి ఎప్పుడైతది?"

"నాకైతే ఎండాకాలం పోయి వానకాలం వచ్చింది. నీ పరీక్ష మళ్ల ఎప్పుడు?"

ఇంటికి పోయి అటక మీది పుస్తకాలు దించిన. ధైర్యంగ ఉండు బిడ్డా అన్న మాట ఆమె నోట నేనెన్నడు ఇనలే. ఆమె బీడీలు మున్షి గా వానకాలమే తీసుకునుడు మొదలువెట్టిండు. నేను మాత్రం ఇంకోసారి గూడ ఫెయిలైన. గప్పుడు పుస్తకాలు అటక ఎక్కలే. పోయిన వానకాలం లచ్చవ్వ పోయింది.

బస్టాండ్ల దిగి నిలవడ్డ. ఇంక ఫోన్ చెయ్యాల్సినోళ్లు:

మా అవ్వ. గిప్పుడు కార్ఖానల ఉంటది, ఎత్తుతదో లేదో.

బాపు. మెండోర దిక్కు పనికి పోయిండు. ముందు కూసోమని, గప్పుడు చెప్పాలె.

డిచ్‌పల్లి మామ. ఈ పోరి పాసైతే మీసం తీసేస్త అన్నడు.

ధర్మాబాద్‌ల సుజాతక్క, లచ్చవ్వ బిడ్డ. ఆమెతోని ఏడ్వకుంట మాట్లాడాలె.

రేణుక, నా ఎనక బెంచి పిల్ల. ఎకనామిక్స్‌ల ఫెయిలైందట, రిజల్ట్ సూసినప్పటి సంది తల్పు తీస్తలేదని క్లాసోళ్లు ఫోన్ల మెసేజ్ వెట్టిండ్రు. అందరికన్న ముందు ఈమెకే చేస్త. రేపు పుస్తకాలు పట్టుకొని మా ఇంటికి రమ్మంట.