కోటు వేసుకోని సార్

సార్ పోయారన్న వార్త మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పొద్దున పదింటికి వచ్చింది. చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. ఓ ఇరవై పడ్డాక ఒకరు అడిగారు: "ఇంతకీ ఏ సార్?"

"అమెరికా ఎలక్షన్లు చెప్పెటోడు గద, పొట్టి సార్."

"అరె, ఆయన ఇన్నొద్దులు ఉన్నడా!"

ఆ చివరి మాట రాసినతను ఇవాళ ఒక పెద్ద అధికారి. వెంటనే చెరిపేశాడు. అప్పటికే నేను చదివేశాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజుల్లో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో ఆయన మాకు రాజ్యాంగం, విదేశీ వ్యవహారాలు చెప్పేవారు. పోచంపల్లి దగ్గర మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి. అల్మాస్‌గూడలో కిరాయికి ఉండేవారు. మోచేతుల దాకా మడిచిన చొక్కా, హవాయి చెప్పులు. బోర్డు పై సగం ఆయనకు అందేది కాదు, ఎప్పుడూ నల్లగా ఖాళీగానే ఉండేది. సెంటర్ ముందు వేలాడే ఫ్లెక్సీ మీద లెక్చరర్లందరూ కోట్లు తొడుక్కుని చేతులు కట్టుకుని నిలబడి ఉండేవారు. సార్ అందులో లేరు. "ఒక్క ఫోటోకే కదా మాస్టారూ, కోటు మేమే ఇస్తాం" అని డైరెక్టర్ బతిమాలితే, "కోటు కనపడ్తది సార్, నేను కనపడ" అన్నారట.

ఆ ఏడాది అమెరికాలో అధ్యక్ష ఎన్నికలు. సిలబస్‌లో అది రెండు మార్కుల ప్రశ్న. సార్ రెండు వారాలు చెప్పారు.

"అమెరికోడు ముందుగాల మనిషిని చూస్తడు. తర్వాత మాట ఇంటడు. ఆఖరికి, పురసత్ ఉంటే, పాలసీ చదువుతడు" అనేవారు. టీ కొట్టు దగ్గర టీవీలో అమెరికా అభ్యర్థుల చర్చ వస్తుంటే కొట్టువాణ్ణి అడిగి సౌండు పూర్తిగా ఆపించేవారు. "ఇప్పుడు చూడుండ్రి. ఎవడు గెలుస్తడో ఎర్కైతది. చెయ్యి ఎట్ల తిప్పుతుండు, పక్కోడు మాట్లాడ్తుంటే గడియారం చూస్తుండా, పెండ్లాం దిక్కు చూసి నవ్వుతుండా. వాడు మనింటికొస్తే చాయ్ పొయ్యబుద్ధి అయితదా లేదా, గంతే."

దేశమంతా ఎక్కువ ఓట్లు వచ్చినంత మాత్రాన అక్కడ గెలిచినట్టు కాదనీ, రాష్ట్రాల వారీగా లెక్క అనీ, చివరికి ఎటూ తేల్చుకోని నాలుగైదు రాష్ట్రాలే తేలుస్తాయనీ మా బెంచీల మీదే చూపించారు. "ముందు బెంచీలు ఎట్లైనా నాకే ఏస్తయి. ఎనక బెంచీలు పండుకుంటయి. నడిమి బెంచీలే నాకు పరేషాన్." నేను నడిమి బెంచీ. అప్పటి నుంచి అలా ఎటూ తేల్చుకోని ఒక అమెరికా రాష్ట్రం పేరే నా పేరు: ఒహాయో. "ఏం ఒహాయో, సమజైందా?" అనకుండా ఒక్క పాఠమూ ముగిసేది కాదు.

ఒకరోజు నన్నూ, వనస్థలిపురం నుంచి వచ్చే ఒక పొడుగాటి అబ్బాయినీ ప్లాట్‌ఫాం ఎక్కించి అభ్యర్థుల్ని చేశారు. నేను ఉద్యోగాలు, పన్నులు, ఆరోగ్య బీమా, అన్నీ చెప్పాను. అతను జేబులో చేతులు పెట్టుకుని, "అన్నలారా, అక్కలారా, మా నాయిన ఆటో నడుపుతడు. ఇగ మీ ఇష్టం" అని నవ్వాడు. చేతులన్నీ అతనికే లేచాయి.

"చూసినవా ఒహాయో" అన్నారు సార్. "నీకు అన్నీ తెలుసు. గదే నీ రోగం. నీ మొఖం చూస్తె జనానికి, ఈమె గెలిస్తె మనకు పరీక్ష పెడ్తదిరా అనిపిస్తది. మీ అమ్మ గూడ ఎయ్యది నీకు." క్లాసంతా పగలబడి నవ్వింది. నా కళ్ళు నిండటం చూసి, "ఏడ్వకు, ఇంకో రాష్ట్రం పోతది" అన్నారు. మళ్ళీ నవ్వులు.

తర్వాత జరిగినదానికి ఇది కారణమని నాకు నేను చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. కారణమో, సాకో ఇప్పటికీ తెలియదు.

బంద్‌లతో, సమ్మెలతో సెంటర్‌లో చేరేవాళ్ళు తగ్గిపోయారు. కొత్త లెక్చరర్‌ను తీసుకోవాలంటే డెమో క్లాసు పెట్టించి, పిల్లల చేత పేరు లేని చీటీల మీద అభిప్రాయాలు రాయించడం అక్కడి ఆనవాయితీ. ఈసారి డైరెక్టర్ అదే సబ్జెక్టుకు వచ్చిన ఒక కొత్తాయనతో పాటు సార్‌నూ డెమోకు నిలబెట్టాడు. ఒకే పాఠం, అమెరికా ఎన్నిక. "నాదేం లేదు మాస్టారూ, పిల్లలే తేలుస్తారు" అన్నాడు. ఆరేళ్ళుగా చెప్తున్న పాఠానికి సార్ మళ్ళీ పరీక్ష రాశారు.

సార్ ఎప్పటిలాగే చెప్పారు, అవే చెప్పులతో, అదే యాసతో. తర్వాత కొత్తాయన వచ్చాడు. ఎత్తు మనిషి, నీలం కోటు, ప్రొజెక్టర్ మీద రంగురంగుల పటాలు, వార్తలు చదివినట్టు తెలుగు. దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లు వచ్చినవాడే అక్కడ అధ్యక్షుడవుతాడని చెప్పాడు.

అది తప్పు. చివరి బెంచీలో కూర్చున్న సార్ తల ఎత్తి నడిమి బెంచీల వైపు చూశారు. ఎవరో ఒకరం లేస్తామనుకున్నారు. నేను పెన్ను మూత తీసి, పెట్టి, తీసి, తల వంచుకున్నాను.

ఆ పొద్దునే మేమంతా ఎల్బీ నగర్ చౌరస్తాలో, మా భాషను వెక్కిరించినవాళ్ళ మీద గొంతులు పోయేలా నినాదాలిచ్చి వచ్చాం. సార్ కూడా మాతో నడిచారు. మధ్యాహ్నం అదే బొంగురు గొంతుతో పక్కమ్మాయిని చీటీ కాగితం అడిగి తీసుకున్నాను. సార్ నేర్పినట్టే పాయింట్లుగా రాశాను. ఒకటి, సబ్జెక్టు ఉంది. రెండు, భాష క్లాసుకు తగినట్టు లేదు. మూడు, చూడటానికి సార్‌లా ఉండరు.

మర్నాడు సార్ చీటీల కట్టతో వచ్చారు. డైరెక్టరే ఇచ్చాడట, చదువుకోండని. "అమెరికా దాక ఎందుకు, ఇగో ఓటర్లు ఈన్నే ఉన్నరు" అంటూ ఒక్కొక్కటీ పైకి చదివారు. "హైట్ లేదు. కరెక్టే. చెప్పులు బాగలేవు. గదీ కరెక్టే." ఎవరూ నవ్వలేదు. నాది వచ్చింది. అదీ పైకి చదివి, "జవాబంటే గిట్ల రాయాలె. పదికి పది" అని ఎర్ర పెన్నుతో మార్కులు వేసి బల్ల మీద పెట్టారు. అదే ఆయన చివరి క్లాసు. ఆ చీటీ తీసుకోవడానికి ఎవరూ లేవలేదు. నేనూ లేవలేదు.

రాష్ట్రం వచ్చింది. నాకు ఉద్యోగం వచ్చింది. ఒకసారి అమ్మను తీసుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్టుకు వెళ్తే, తెల్ల పరుపు మీద కూర్చుని పోచంపల్లి చీరలు విప్పి చూపిస్తున్నది సార్. "రా ఒహాయో, కూసో" అన్నారు, మొన్ననే చూసినట్టు. నేను బూడిద రంగు చీర పట్టుకుంటే లాక్కుని మడిచేశారు. "గిది కడ్తె ఇంకా ఇన్విజిలేటర్ లెక్క కొడ్తవ్. ఈ పసుపు తీస్కో, జర ఓట్లు పడ్తయి." అమ్మ నవ్వింది. "సార్, ఆ రోజు నేను..." అన్నాను.

ఆయన చీర మడత మీద అరచేత్తో రాస్తూ, "నువ్వు రాసింది తప్పు గాదు బిడ్డా. తప్పైతె మార్కులు కోస్తుంటి గద" అన్నారు. తల ఎత్తి ఇంకో బేరం వైపు తిరిగారు. అది క్షమించడమో, శిక్షించడమో నేను తేల్చుకోలేకపోయాను. తేల్చుకోలేనివాళ్ళ మీదే కదా ఆయన అన్ని పాఠాలు చెప్పింది.

వార్త చూసి మధ్యాహ్నం అల్మాస్‌గూడ వెళ్ళాను. ఇంటి ముందు కరెంటు స్తంభానికీ, గేటుకూ మధ్య శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులో సార్ నీలం కోటు, ఎర్ర టై వేసుకుని ఉన్నారు. ఫ్లెక్సీ షాపులో ఎవరి ఒంటి మీదో ఆయన తల అతికించారు. మెడ దగ్గర రంగు కలవలేదు. భుజాలు ఒక పహిల్వాన్‌వి.

ఆయన కూతురు నా పక్కన వచ్చి నిలబడింది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడి ఉంది. "బాపుకి ఒక్క మంచి ఫోటో లేదు మేడం. షాపాయన కోటు పెడ్తనంటె సరే అన్న. ఇప్పుడు సార్ లెక్క ఉన్నడు గద?"

ఈసారి చీటీ లేదు, పేరు దాచుకునే వీలూ లేదు. ఆ పిల్ల నా ముఖంలోకే చూస్తోంది.

"ఉన్నరమ్మా" అన్నాను.

గాలి వచ్చింది. కోటు ఉబ్బింది, భుజాలు లేచాయి, ఆయనకు ఎన్నడూ లేని ఎత్తు వచ్చింది. గాలి ఆగగానే టై దగ్గర మడత పడి, ముఖం లోపలికి వెళ్ళిపోయింది. కోటు ఒక్కటే కనిపించింది.