పొదిలి నన్నే సాహెబ్ మైకు ముల్లు

పొదిలి చుట్టుపక్కల పెళ్లయినా పీర్ల పండగైనా మైకు నన్నే సాహెబ్‌దే. మనిషి పొడుగు, బక్కపలచన. కూర్చున్నచోట నిలిచేవాడు కాదు. పాట పెట్టి చాప మీద కూలబడతాడు. పల్లవి పూర్తయ్యేలోపే లేచి రికార్డు మీది ముల్లు చూసుకుంటాడు, పోయి రేకు హారను దిక్కు మారుస్తాడు. ఏళ్ల తరబడి అలా హారను మూతి దగ్గరే తిరిగాడు.

పంతొమ్మిది వందల అరవై రెండు ఎండాకాలంలో, పేరయ్య కూతురి పెళ్లిలో, పాట ఉన్నట్టుండి నీరసించింది. ముల్లును పట్టి ఉంచే చిన్న డబ్బీని కార్ట్రిడ్జి అంటారు. అందులోని స్ఫటికం రోహిణి ఎండకు చెడిపోయింది.

"ఏంది సాయిబూ, పాడతందా, మూలుగుతందా?" అని పేరయ్య పందిట్లో అందరి ముందూ అరిచాడు.

ఆ మాట నన్నే సాహెబ్‌ను నిద్రపోనివ్వలేదు. బస్సెక్కి గుంటూరు పోయాడు. బ్రాడీపేటలో రేడియోలు బాగుచేసే జయరావు ఇంకో రకం చూపించాడు.

"ఇది సిరామిక్‌దండి. ఎండకు చెక్కుచెదరదు. మోత కాస్త తగ్గుద్ది, యాంప్లిఫయర్ పెంచుకోండి. ముల్లు మీద బరువు కూడా దీనికి తగ్గట్టు సరిచూసుకోవాలి. తేలికైతే గెంతుద్ది, బరువైతే రికార్డును తినేస్తది."

ఇంటికొచ్చి బిగించాడు. పాట దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంది. మళ్లీ గుంటూరు పోయి మార్చాడు. అదీ అంతే. పాత స్ఫటికం రకమే కొత్తది తెచ్చాడు. అదీ అంతే. అన్నం ముందు కూర్చున్నవాడు సగంలో చెయ్యి కడుక్కుని రికార్డు దగ్గరికి పోయేవాడు. చివరికి ముల్లు గట్టిగా ఆనాలని డబ్బీ మీద సీసం ముక్క అతికించాడు. ముల్లు చివర నల్లటి పొడి చేరసాగింది.

వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తున్న భార్య అమీర్‌బీ లేచి వచ్చింది.

"ఎందుకండీ ఈ బరువు? రికార్డు అరిగిపోతంది."

"తాళాలు పలకట్లేదే. అంతా మద్దెల మోతే."

"పలుకుతున్నాయిగా!"

"ఎక్కడ?"

ఆమె గడప మీద వేలితో కొట్టి చూపించింది. "ఇదుగో... ఇదుగో..."

ఆయన చెవి హారనుకు ఆనించాడు. ఆమె వేలు కదలడం కనిపించింది, అంతే. ఇంకో రికార్డు పెట్టాడు. ఆమె వేలు మళ్లీ ఆడింది. ఆయన మెల్లగా కూర్చున్నాడు. పాట అయిపోయి ముల్లు చివరి గీతలో గరగరలాడుతున్నా లేవలేదు. అమీర్‌బీయే వెళ్లి ఎత్తింది.

ఆ సాయంత్రం బజారంతా తిరిగొచ్చి, "రేపు నువ్వు కూడా గుంటూరు రా," అన్నాడు.

జయరావు కొట్లో ఆమె బల్ల మీద కూర్చుని కళ్లు మూసుకుంది. జయరావు ఒక్కో కార్ట్రిడ్జీ బిగించి వినిపించాడు.

"ఇది గీరుతోంది. ఇది బాగానే ఉంది గానీ 'స' అన్నచోటల్లా బుస్సుమంటోంది."

సిరామిక్‌ది పెట్టి బరువు కొద్దికొద్దిగా సరిచేశాడు. ఆమె మొహం విప్పారింది.

"ఆఁ! పాడే మనిషి ఎదురుగా ఉన్నట్టుంది."

"తాళాలు?" అన్నాడు నన్నే సాహెబ్.

"ఉన్నాయండీ."

"నిజంగా?"

"నిజంగా."

ఆ తర్వాత పందిళ్లకు ఆమెను కూడా బండెక్కించుకుపోయాడు. "సాయిబు కొత్త చెవి తగిలించుకున్నాడ్రోయ్!" అని పేరయ్య నవ్వితే, "తగిలించుకున్నా. నీకేం నొప్పి?" అన్నాడు.

చెవుడు మాత్రం ఆగలేదు. నాలుగైదేళ్లలో గొంతులు కూడా దూరమయ్యాయి. ముల్లు పని ఆమెకే వదిలి, హారన్లు కట్టడం తన వంతు చేసుకున్నాడు. అయినా కుదురు రాలేదు. పాట మధ్యలో వచ్చి రికార్డు పెట్టె మీద అరచెయ్యి ఆనించి, ఆ అదురుతోనే అంతా తెలుసుకోవాలన్నట్టు నిలబడేవాడు.

"బాగుందా?" అని పెద్దగా అడిగేవాడు.

అమీర్‌బీ తలూపేది. ఆయన మళ్లీ హారను వైపు నడిచేవాడు.